పొయ్యి ఆఖరున వెలిగించండి

సాయంత్రం ఏడున్నర. ఆఫీసు నుంచి అప్పుడే ఇంటికొచ్చారు. చెప్పులు విప్పకముందే లోపలి నుంచి కేక: "అమ్మా, రాత్రికి ఏంటి?" ఫ్రిజ్ తలుపు తీశారు. కాస్త చికెన్ ఉంది, గుప్పెడు బీన్స్ ఉన్నాయి, నాలుగు గుడ్లు ఉన్నాయి. చూసి తలుపు వేశారు. రెండు నిమిషాలాగి మళ్లీ తీశారు. లోపల కొత్తగా ఏమీ పుట్టుకురాలేదు. చెయ్యి మెల్లగా ఫోన్ మీదికి పోతోంది. ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేద్దామా?

నిజం చెప్పండి. మిమ్మల్ని అలసగొడుతున్నది వంటా, 'ఏం వండాలి' అన్న ప్రశ్నా?

ఈ ప్రశ్న థాయిలాండ్ వాళ్లకూ ఉంది. జవాబు కూడా వాళ్ల దగ్గరే ఉంది. బ్యాంకాక్‌లో మధ్యాహ్నం పూట హోటల్ బండి ముందు నిలబడి, ఏం చెప్పాలో తోచనివాడి నోటికి ముందుగా వచ్చే పేరు పాడ్ క్రపావ్. పాడ్ అంటే వేయించడం, క్రపావ్ అంటే తులసి. మాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద చకచకా వేయించి, చివర్లో తులసి ఆకు కలిపి, వేడన్నం మీద పోసి, పైన ఒక గుడ్డు వేసి ఇస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'మెను సిన్ ఖిత్'. ఆలోచన అయిపోయినవాడి వంటకం అని అర్థం. వెక్కిరింతగానే పెట్టారు గానీ, వారం మధ్యలో ఒక రాత్రి పూట ఆలోచన అయిపోనిది ఎవరికి?

ఈ అధ్యాయంలో ఆ వంటకాన్ని మన వంటింట్లో, మన పొయ్యి మీద, నలుగురికి సరిపడా ఎలా చేయాలో చూద్దాం. తరగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు. పొయ్యి దగ్గర పదిహేను నిమిషాలు. ఇందులో పట్టుబడాల్సిన కిటుకు ఒక్కటే. దాన్ని ముందే చెప్పేస్తాను: పొయ్యి ఆఖరున వెలిగించండి.

మనకు ఎందుకు కుదరదు?

మన కూర ఓపికమంతురాలు. పోపు చిటపటలాడుతుండగా ఉల్లిపాయ తరగొచ్చు. ఉల్లిపాయ వేగుతుండగా టమాటా కోయొచ్చు. మధ్యలో ఫోన్ వస్తే సిమ్‌లో పెట్టి మాట్లాడి రావొచ్చు. మూత పెట్టి వదిలేస్తే దాని పాటికి అది ఉడుకుతుంది. తెలుగింటి చేతికి తరుగుతూ వండటం అలవాటు.

ఈ వంటకం అలా ఆగదు. వెల్లుల్లి ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య పది సెకన్లుంటాయి. ఆ పది సెకన్లలో మీరు సాస్ సీసా మూత తీస్తూ ఉంటే పని అయిపోయినట్టే.

నా మొదటి ప్రయత్నం చెబుతాను, నవ్వుకోండి. నూనె కాగింది, వెల్లుల్లి వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, కొత్త సీసాకి సీలు తీయలేదని. పళ్లతో లాగాను, కత్తితో పొడిచాను. ఈలోగా వెల్లుల్లి నల్లబడింది. తీసి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కడిగిన చికెన్‌ను తడితడిగా, మొత్తం ఒకేసారి బాణలిలో గుమ్మరించాను. చుయ్‌మన్న చప్పుడు ఒక్క క్షణంలో ఆగిపోయింది. చికెన్ నీళ్లు వదిలింది, ఆ నీళ్లలోనే ఉడకడం మొదలైంది. ఇక చేసేదేమీ లేక ధనియాల పొడి, కారం వేసి దించాను. ఇంట్లోవాళ్లు "కూర బాగుంది" అన్నారు. నేను వండాలనుకున్నది కూర కాదు!

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నా లోపం వంటలో లేదు, సర్దుకోవడంలో ఉంది.

ఏమేం కావాలి? (నలుగురికి)

- ఎముకల్లేని చికెన్ 400 గ్రాములు. తొడ మాంసమైతే మేలు, ఎండిపోదు.
- లేత అలసంద కాయలు లేదా బీన్స్ 150 గ్రాములు.
- వెల్లుల్లి 10 రెబ్బలు.
- పచ్చిమిర్చి లేదా పండుమిర్చి 4 నుంచి 6.
- ఆయిస్టర్ సాస్ ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, సోయా సాస్ 1 టేబుల్ స్పూన్, ఫిష్ సాస్ 1 టేబుల్ స్పూన్.
- తురిమిన తాటిబెల్లం 1 టీ స్పూన్.
- ఆకులు రెండు గుప్పిళ్లు.
- గుడ్లు 4, వాసన లేని నూనె, వేడన్నం.

తాటిబెల్లం చూసి ఆశ్చర్యపోకండి. థాయ్ వంటలో తీపికి తాటిబెల్లం, కొబ్బరిచెట్టు నీరాతో కాచిన బెల్లం పాతకాలం నుంచీ వాడతారు. అక్కడి పెచ్చబురి ప్రాంతానికి తాటిచెట్లే పేరు తెచ్చాయి. మీ దగ్గర లేకపోతే చక్కెర వేయండి, కొంప మునగదు.

ఫిష్ సాస్ అంటే చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం. మూత తీయగానే వచ్చే వాసనకు భయపడకండి. ఎండుచేపల వాసన తెలిసిన ముక్కుకు ఇది కొత్త కాదు. వేడి బాణలిలో పడ్డాక ఆ వాసన తగ్గి రుచి నిలుస్తుంది.

మిరపకాయల్లో థాయ్ వాళ్లు వాడేది వేలి కొస అంత ఉంటుంది. దాని పేరు 'ప్రిక్ ఖీ నూ', అంటే ఎలుక పెంటికల మిరప. పేరు చూసి నవ్వినవాడికి తిన్నాక నవ్వు రాదు. మనకు మామూలు పచ్చిమిర్చి చాలు.

ఇక ఆకు. థాయ్ క్రపావ్, మన తులసి ఒకే జాతి మొక్కలు. కోటలో పూజించే తులసిని బాణలిలో వేయడానికి మీకు మనసొప్పకపోవచ్చు. అది సహజం, బలవంతం లేదు. వంట కోసం విడిగా ఒక కుండీలో పెంచుకుంటే కొందరికి అభ్యంతరం ఉండదు. మన తులసి ఘాటు ఎక్కువ కాబట్టి ఒక్క గుప్పెడు చాలు. అదీ వద్దనుకుంటే సూపర్ మార్కెట్లో థాయ్ బేసిల్ దొరుకుతుంది. ఎండాకాలం నానబెట్టుకుని తాగే సబ్జా గింజల మొక్కకు అది దగ్గర చుట్టమే. థాయిలాండ్‌లో దాన్ని హొరపా అంటారు. దానితో చేస్తే క్రపావ్ అన్న పేరు పోతుంది, రుచి కొంచెం తీపి సోంపు వైపు మొగ్గుతుంది. భోజనం మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ఎనిమిది మెట్లు

1. ముందు అన్నం. ఇంటికి రాగానే కుక్కర్లో పడేయండి. థాయ్ జాస్మిన్ బియ్యం మెత్తగా ఉడికి, మెతుకు మెతుకుకు కాస్త అంటుకుంటుంది. మన సోనా మసూరి దీనికి చక్కగా సరిపోతుంది. బాస్మతి కోసం పరిగెత్తక్కర్లేదు.

2. మాంసం తడి ఆర్పండి. చికెన్ కడిగితే చిల్లుల గిన్నెలో వార్చి, పేపర్ టవల్‌తో అద్దండి. తర్వాత కత్తితో కైమాలా సన్నగా కొట్టండి. మరీ పేస్ట్ అయిపోకూడదు, సెనగగింజంత ముక్కలు అక్కడక్కడా ఉండాలి. మిక్సీ జోలికి పోవద్దు. చికెన్ తరిగిన కత్తిని, పలకను కడిగాకే కూరగాయల మీదికి వెళ్లండి.

3. బీన్స్ చిన్నగా తరగండి. అర సెంటీమీటరు ముక్కలు. పెద్దగా కోస్తే మాంసం ఉడికేసరికి అవి పచ్చిగానే ఉంటాయి. అన్నట్టు, ఇందులో అలసంద కాయలు వేయొచ్చా, కూడదా అన్నది అక్కడ తెగని వాదులాట. మనం వేద్దాం. పిల్లల కడుపులోకి కూరగాయ పోయే దారి ఏదైనా మంచిదే.

4. వెల్లుల్లి దంచండి. చిన్న రోట్లో కచ్చాపచ్చాగా. ముందు వెల్లుల్లి ఒక్కటే దంచి, సగం పక్కకు తీసి పెట్టండి. మిగతా సగంలో మిరపకాయలు వేసి మళ్లీ దంచండి. ఇలా ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.

5. సాస్‌లన్నీ ఒకే గిన్నెలో కలపండి. ఆయిస్టర్ సాస్, సోయా, ఫిష్ సాస్, బెల్లం, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు. బెల్లం కరిగేదాకా తిప్పండి. సీలు తీసే పనులు, మూత బిగుసుకుపోయిన సీసాల గొడవలు అన్నీ ఇప్పుడే తేల్చుకోండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పొయ్యి పక్కన వరుసగా చూసుకోండి: వెల్లుల్లి, మాంసం, బీన్స్, సాస్, ఆకు. వేసే వరుసలోనే గిన్నెలు ఉన్నాయా? తినేవాళ్లకు కేక వేశారా? ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశారా? మిరప ఘాటుకు ఇల్లంతా దగ్గడం ఖాయం, కిటికీ తీయండి. అన్నీ అయ్యాయా? ఇప్పుడు పొయ్యి వెలిగించండి.

6. ముందు గుడ్లు. ఇనుప బాణలి బాగా వేడెక్కాక పావు కప్పు నూనె పోయండి. గుడ్డు కొట్టి వేయగానే అంచులు బుడగలు లేచి, గోధుమరంగు జాలీలా కరకరలాడాలి. గరిటతో వేడి నూనె పైన పోస్తుంటే తెల్లసొన తిరగేయకుండానే ఉడుకుతుంది. థాయ్ భాషలో దీన్ని 'ఖై దావ్' అంటారు, నక్షత్రపు గుడ్డు. నాలుగూ తీశాక నూనెను ఒక గిన్నెలోకి వంచేయండి. వంటకానికి కావలసిన నూనె అదే, మళ్లీ కొత్తది అక్కర్లేదు.

7. రెండు విడతలుగా వేయించండి. మొదటి విడత పిల్లలకి, మిరప లేకుండా. మంట మధ్యస్థంగా పెట్టి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనెలో వట్టి వెల్లుల్లి వేయండి. వాసన రాగానే, అంటే ఇరవై సెకన్లకు, మంట పెద్దది చేసి సగం కైమా వేసి పరచండి. ఇప్పుడు గరిట కింద పెట్టండి. అవును, ఒక నిమిషం ముట్టుకోకండి. అడుగున రంగు వచ్చాక ముద్దలు చిదుపుతూ కలపండి. రెండు నిమిషాల్లో ఎరుపు పోతుంది. సగం బీన్స్ వేసి ఇంకో నిమిషం. సగం సాస్‌ను బాణలి అంచు వెంట పోయండి. బుసబుస పొంగి ముప్పై సెకన్లలో మాంసానికి పట్టేస్తుంది. ముక్క ఒకటి చిదిమి, లోపల ఎరుపు లేదని చూసుకోండి.

8. పొయ్యి కట్టేసి ఆకు వేయండి. సగం ఆకు వేసి నాలుగుసార్లు తిప్పితే చాలు. ఆ వేడికే వాడి, ఇల్లంతా వాసన గుప్పుమంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని మన సామెత. ఈ వంటకంలో మాత్రం అంతా కాలాకే ఆకు! తీసి పెట్టి, మిరప కలిపిన వెల్లుల్లితో పెద్దవాళ్ల విడత అదే వరుసలో చేసేయండి.

పళ్లెంలో అన్నం, పక్కన వేపుడు, పైన గుడ్డు. అయిపోయింది.

మన చేతి అలవాట్లు చేసే ఐదు తప్పులు

1. అల్లం వెల్లుల్లి ముద్ద వేయడం. డబ్బా పక్కనే ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆ ముద్దలో నీరుంటుంది, అడుగంటుతుంది. అల్లం వాసన ఆకును తొక్కేస్తుంది. దంచిన వెల్లుల్లికి అడ్డదారి లేదు.

2. అలవాటుగా ఉప్పు చల్లడం. మూడు సాస్‌లలోనూ ఉప్పే. రుచి చూడకుండా చిటికెడు వేసినా చెయ్యి జారినట్టే.

3. మూత పెట్టడం. "మగ్గాలి కదా" అనుకుంటాం. మూత కింద ఆవిరి నీరై కారి, వేపుడు కాస్తా ఉడుకుడు అవుతుంది.

4. ఒకేసారి అంతా వేయడం. వీధి బండి మీద మంట భగభగ లేస్తుంది, ఎంత వేసినా బాణలి చల్లారదు. మన ఇంటి పొయ్యికి అంత బలం లేదు. దాని బలానికి తగ్గట్టు కొంచెం కొంచెం వేస్తే మన పొయ్యీ గెలుస్తుంది. చప్పుడు వింటూ ఉండండి. చుయ్‌మంటున్నంత సేపు దారిలో ఉన్నట్టు, గొంతు తగ్గిందంటే ఎక్కువ వేసినట్టు.

5. నాన్‌స్టిక్ పెనాన్ని పొగలు వచ్చేలా కాల్చడం. ఖాళీ నాన్‌స్టిక్‌ను పెద్ద మంట మీద వదిలేస్తే దాని పూత పాడవుతుంది. ఇనుప బాణలి లేకపోతే నాన్‌స్టిక్‌లోనే, నూనె పోసి, మధ్యస్థపు మంట మీద, మూడు విడతలుగా చేసుకోండి.

మరి మా ఇంట్లో ఇలా ఉంటే?

*"మేం మాంసం తినం."* చికెన్ బదులు గట్టి టోఫూ 200 గ్రాములు, పుట్టగొడుగులు 300 గ్రాములు తీసుకోండి. టోఫూను బట్టలో చుట్టి పది నిమిషాలు బరువు పెడితే నీరు పోతుంది. పుట్టగొడుగుల్ని విడిగా, నీరు ఇగిరేదాకా వేయించాకే కలపండి. ఫిష్ సాస్ మానేసి, రుచి చూసి సోయా కొంచెం పెంచండి. ఆయిస్టర్ అంటే సముద్రపు గుల్ల, కాబట్టి దాని బదులు మష్రూమ్ సాస్ కొనండి, సీసా మీద శాకాహార గుర్తు చూసుకోండి. ఇది రాజీ వంట అనుకోకండి. థాయిలాండ్‌లో ఏటా తొమ్మిది రోజుల శాకాహార పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో పసుపు జెండాలు కట్టిన బండ్ల మీద మాంసం కనిపించదు.

*"మా అత్తగారు చారు లేనిదే ముద్ద ముట్టరు."* పళ్లెం చూసి ఆవిడ "ఇందులో కలుపుకోవడానికి ఏముంది అమ్మాయ్?" అని అడిగారనుకోండి. మీరు చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. బ్యాంకాక్ హోటళ్లలోనూ ఇలాంటి అన్నం పళ్లెం పక్కన చిన్న గిన్నెలో పలుచని వేడి సూప్ పెట్టడం మామూలే. పొద్దున్నటి చారు వెచ్చబెట్టి ఇవ్వండి. పులుపు కావాలన్నవాళ్లకు చిన్న గిన్నెలో ఫిష్ సాస్, నిమ్మరసం, తరిగిన మిర్చి కలిపి పెట్టండి. దాన్ని 'ప్రిక్ నామ్ ప్లా' అంటారు, అక్కడి బల్ల మీద మన ఆవకాయ జాడీ లాంటిది. నిమ్మకాయను మాత్రం బాణలిలో పిండొద్దు.

*"చాప్‌స్టిక్స్‌తో తినడం రాదే!"* ఎవరు తినమన్నారు? థాయ్ వాళ్లు అన్నాన్ని చెంచాతో తింటారు. ఎడమ చేతిలోని ఫోర్కుతో చెంచాలోకి తోసుకుంటారు. చాప్‌స్టిక్స్ ఎక్కువగా నూడుల్స్‌కే. చేత్తో కలుపుకుని, గుడ్డు సొన పగలగొట్టి తింటారా? మీ ఇల్లు, మీ చెయ్యి.

*"తరగడానికే ఓపిక ఉండదు."* అయితే ఆదివారం పది నిమిషాలు ఇవ్వండి. వెల్లుల్లి ఒలిచి డబ్బాలో పెట్టండి. ఐదో మెట్టులోని సాస్‌ను నీళ్లు కలపకుండా రెండింతలు చేసి సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచండి. గడ్డకట్టిన చికెన్ ఉంటే ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. ఇక ఆ రోజు మిగిలేది మాంసం కొట్టడం, బీన్స్ తరగడమే. బీన్స్ పని పిల్లల చేతికి, వెల్లుల్లి దంచే పని మీవారి చేతికి ఇవ్వండి. రోలు చప్పుడుకి ఆకలి ఎలాగూ లేస్తుంది.

చివరిగా

మొదటిసారి ఏదో ఒకటి తప్పుతుంది. ఆకు మరీ వాడిపోవచ్చు, సాస్ ఉప్పగా అనిపించొచ్చు. ఉప్పెక్కితే ఇంకాస్త అన్నం, పక్కన కీరా ముక్కలు. అక్కడివాళ్లూ కీరా పెడతారు. రెండోసారికి గిన్నెల వరుస చేతికి అలవాటవుతుంది. మూడోసారికి ఈ పేజీ తెరవక్కర్లేదు.

అప్పుడు మీరే గమనిస్తారు. పొయ్యి దగ్గర హడావుడి పడేవాళ్లు నిదానంగా వండినట్టు, ముందు కూర్చుని తరుక్కున్నవాళ్లు చకచకా వండినట్టు కనిపిస్తారు. వేగం చేతిలో లేదు, ఐదు గిన్నెల్లో ఉంది.

ఈ వారం ఒక రోజు ఎంచుకోండి. ఆదివారం వద్దు, అలసిపోయి వచ్చే బుధవారమో గురువారమో కావాలి. ఫ్రిజ్ తలుపు రెండోసారి తీయకండి. అన్నం పడేయండి, ఐదు గిన్నెలు వరుసగా పెట్టండి, అందరినీ పిలవండి. పొయ్యి ఆ తర్వాత వెలిగిద్దురుగాని.